నాలుగో భుజం

వీధిలో అందరూ ఆయన్ని అనుమానప్పక్షి అంటారు, పొట్టిగా పక్షి. ఆయన తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. వీధి మలుపు దాకా వెళ్లాక వెనక్కి వచ్చి నాలుగోసారి లాగుతాడు. పాలు పోసే అమ్మాయి ముందే గిన్నె వంచి చిక్కదనం చూస్తాడు. పక్కింటివాళ్లు నవ్వితే తన గురించే నవ్వారనుకుంటాడు, నవ్వకపోతే ఏదో దాస్తున్నారనుకుంటాడు. ఇంతటి మనిషి ఏం పని చేస్తాడంటే, ఇళ్లు మారేవాళ్ల సామాను మోస్తాడు. నలుగురు కలిసి పరాయివాళ్ల బీరువాలూ మంచాలూ ఎత్తి మెట్లు దించాలి. పక్కవాణ్ణి నమ్మితే తప్ప అడుగు పడని పని. దేవుడికి కూడా వేళాకోళం తెలుసు మరి!

ఆ నలుగురిలో పెద్ద మేస్త్రి. పదహారేళ్ల కిందట పక్షికి భుజం గుడ్డ ఎన్ని మడతలు వేసుకోవాలో నేర్పింది ఆయనే. మెట్లు దిగేటప్పుడు బరువంతా ముందువాళ్ల మీదికి జారుతుంది. అందుకే ముందు కుడి మూల మేస్త్రి ఎవరికీ వదలడు. ముందు ఎడమ మూల పక్షిది. వెనక కుడిపక్క పక్షి బావమరిది, ఎడమపక్క నిచ్చెన అని పిలిచే పొడుగాటి మనిషి. బావమరిదిని పనిలో పెట్టించింది పక్షే. పెట్టించిన మర్నాటినుంచే వాణ్ణి ఓ కంట కనిపెట్టడం మొదలుపెట్టాడు.

పది రోజులుగా బరువు పెరిగింది. అవే బీరువాలు, అవే మంచాలు. అయినా పక్షి భుజం వాచిపోయింది, మోకాలు మెట్టు మెట్టుకీ కలుక్కుమంటోంది. ఆ మోకాలు కాస్తా పోయిందంటే పని పోయినట్టే, వేరే విద్యేమీ చేతిలో లేదు. మోసేటప్పుడు మధ్యలో సామాను అడ్డం కాబట్టి మిగతావాళ్లు కనబడరు. ఎవరు మోస్తున్నారో, ఎవరు ఉత్తుత్తినే మూలుగుతున్నారో తెలియదు. ఎవరో ఒకరు దొంగ భుజం పెడుతున్నారన్నది మాత్రం ఆయనకి ఖాయం.

ఎవరో కూడా ఖాయమే. బావమరిదీ నిచ్చెనా గుసగుసలాడుకుంటారు, తను దగ్గరికి రాగానే ఎండ గురించి మాట్లాడతారు. మబ్బు పట్టిన రోజున కూడా ఎండ గురించే!

ఆ పొద్దున అలమరలో నొప్పుల మందు డబ్బా మూత తీసి చూసి, పెళ్లాన్ని పిలిచాడు.

"ఇది సగానికి దిగిపోయింది. నేను రెండు వేళ్లకి మించి తీయను. ఎవరు వాడుతున్నారు?"

"ఎలుకలకి నడుం నొప్పులేమో," అంది ఆవిడ, కుడుతున్న చొక్కామీంచి తల ఎత్తకుండా.

"మీ తమ్ముడు నిన్న వచ్చాడా?"

"అక్క ఇంటికి తమ్ముడు రాకూడదా? గుమ్మంలో వేలిముద్ర వేయించుకుంటారా ఏంటి?"

"వాడు మోయడం లేదు. నాకు తెలుస్తోంది."

ఆవిడ సూది ఆగింది. "ఏవండీ, నలుగురి ముందూ వాణ్ణి ఒక్క మాటన్నారంటే ఈ ఇంట్లో మీతో పలికే మనిషి ఉండదు. తాళం లాక్కుంటూ కూర్చోండి."

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. కూతురి పుస్తకాల సంచిలోంచి రెండు సుద్దముక్కలు తీసి, మెత్తగా నూరి, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు మూడో అంతస్తు ఇల్లు. మెట్లు ఇరుకు, మలుపులు రెండు. పొద్దున ఇనప బీరువా దించాలి, మధ్యాహ్నం నిలువెత్తు చెక్క బీరువా. తాళ్లు కట్టే పని ఎప్పుడూ పక్షిదే, ముడి ఇంకొకరు వేస్తే ఆయనకి నమ్మకం ఉండదు. తాళ్లు కడుతూ కడుతూ ఇనప బీరువా అడుగు అంచున నాలుగు మూలలా సుద్దపొడి గట్టిగా రుద్దేశాడు. ఎవరి భుజం మీద బరువు పడితే వాళ్ల గుడ్డ తెల్లబడుతుంది. దొంగ గుడ్డ ఎప్పటిలా ఉండిపోతుంది.

బీరువా కిందికి చేరింది. మేస్త్రి అందరికంటే గట్టిగా మూలిగాడు. టీ తాగడానికి అందరూ అరుగు మీద కూలబడ్డప్పుడు, పక్షి కటకటాల మీద ఆరేసిన నాలుగు గుడ్డల దగ్గరికి నడిచాడు.

తన గుడ్డకి సున్నం వేసినట్టుంది. నిచ్చెన గుడ్డ మీద అడ్డంగా తెల్లటి చార. బావమరిది గుడ్డ రెండువైపులా తెల్లబారింది. ఒక భుజం నొప్పెడితే రెండో భుజానికి మార్చుకున్నాడన్నమాట. ఇక ఎర్ర అంచు గుడ్డ మిగిలింది. ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది. అంచున మాత్రం నాలుగు వేళ్ల తెల్లటి గుర్తులు, బీరువాని చేత్తో తాకడమే తప్ప భుజం పెట్టనట్టు.

ఎర్ర అంచు మేస్త్రిది.

పక్షి గుడ్డని తిరగేసి చూశాడు, మళ్లీ తిరగేశాడు. దొంగ దొరికితే ఎంత సంబరంగా ఉంటుందో పది రోజులుగా ఊహించుకున్నాడు. తీరా దొరికాక గుడ్డని ఉన్నట్టే మళ్లీ ఆరేశాడు. బావమరిదిని చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్లాడు.

"మేస్త్రి మోయడం లేదు. నీకు తెలుసు."

బావమరిది నేల చూశాడు. "నడుంలో నరం పట్టేసింది బావా. బరువెత్తితే మంచం పడతావన్నాడు డాక్టరు. మోయలేని మేస్త్రిని మనకి పనిచ్చే బండి యజమాని ఉంచుకుంటాడా? మన ముగ్గురికీ పని నేర్పిన మనిషి. ఆయన వంతు మనం పంచుకుందాం అనుకున్నాం."

"ఎవరనుకున్నారు?"

"నేనూ, నిచ్చెనా."

"అంటే నన్ను అడక్కుండానే నా భుజం పంచేశారన్నమాట!"

"నీకు చెబితే మెట్టు మెట్టుకీ ఆగి ఆయన మొహంలోకి చూస్తావు. మొదటిరోజే ఆయన పని మానేసి పోతాడు."

పక్షికి కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. వాడన్నది నిజం కావడంతో ఇంకాస్త ఎర్రబడ్డాయి.

"నా మోకాలు మాటేంటిరా? నేను జారితే బీరువా నా మీద, మీరిద్దరూ బీరువా మీద. మంచి పనే, కాదనను. కానీ చీకట్లో పెట్టి చేయించే మంచి పని నాకొద్దు."

"ఇప్పుడు అరుస్తావా?" అన్నాడు వాడు బెదురుగా.

పక్షి అరుగు వైపు తల తిప్పాడు. అరవొచ్చు. అరిస్తే తన మోకాలు దక్కుతుంది, మేస్త్రి ఇంటికి పోతాడు. ఊరుకుంటే మేస్త్రి ఉంటాడు, మోకాలు పోతుంది. అరుగు మీద మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి, గోడ పట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుని వంకరగా లేచాడు. అది పక్షి చూశాడు.

మధ్యాహ్నం చెక్క బీరువా దగ్గర అందరూ గుడ్డలు భుజాన వేసుకున్నారు. పక్షి వేసుకోలేదు.

"నేను ఎత్తను," అన్నాడు బిగ్గరగా.

"ఏమొచ్చిందిరా?" అన్నాడు మేస్త్రి.

"ఈ మెట్లు నాకు అనుమానంగా ఉన్నాయి. బీరువా అడ్డం ఉంటే కింద ఏముందో కనబడదు. ముందు నడిచి మెట్టు మెట్టూ చూసి చెప్పే మనిషి కావాలి. తలుపులూ అరలూ ఊడదీస్తే ఉత్త చట్రాన్ని ముగ్గురం మోస్తాం."

"నన్ను పక్కన పెడుతున్నావా?" మేస్త్రి గొంతు సన్నబడింది.

"నిన్నెవడు పెడతాడు? చెప్పేవాణ్ణి నేను నమ్మాలా వద్దా? వీడు నా బావమరిది, వీణ్ణి ఎలా నమ్మను? ఆ నిచ్చెనకి తన కాళ్లే కనబడవు. నువ్వు చెబితేనే దిగుతా. లేదంటే ఇదుగో, ఇక్కడే కూర్చుంటా." అన్నట్టుగానే కూర్చున్నాడు. "ఇంకోటి. ముందు మూల ఇకమీదట రోజుకొకరం. నా ఒక్కడి మోకాలే అరిగేలా నేను రాసివ్వలేదు."

నిచ్చెన పైకప్పు చూశాడు. బావమరిది దగ్గాడు. మేస్త్రి పక్షి మొహంలోకి చాలాసేపు చూశాడు. తన నడుం సంగతి వీడికి తెలిసిపోయిందని పసిగట్టాడేమో.

"నీ జబ్బుకి మందు లేదురా," అని, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని మెట్ల వైపు తిరిగాడు.

ఊడదీయడానికి గంట పట్టింది. కింద బండి డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. మేస్త్రి ముందు దిగుతూ ఒక్కో మెట్టూ పలికాడు. రెండో మలుపు దగ్గర, "ఆగు! అంచు విరిగింది. కాలు లోపలికి," అన్నాడు. పక్షి కాలు లోపలికి వేశాడు. పొద్దున ఆ మెట్టు మీంచే ఇనప బీరువాతో దిగామని గుర్తొచ్చి ఆయన గోడ పక్కకి ఇంకాస్త జరిగాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెళ్లాం భుజానికి మందు రాస్తూ, "తలుపులు ఊడదీయడం మంచి ఆలోచనేనండీ," అంది.

ఆయన ఆ సంగతి ఇంకా చెప్పనేలేదు.

"నీకెలా తెలుసు?"

ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. "మీ చొక్కా నిండా చెక్కపొట్టు."

ఆయన చొక్కా తెచ్చి దీపం కింద పెట్టి చూశాడు. చెక్కపొట్టు ఉన్నమాట నిజమే. అలమరలో నొప్పుల మందు డబ్బాలు రెండు కనిపించాయి, పొద్దున ఒకటే ఉంది.

"రెండోది ఎవరికి?"

"ఎలుకలకి."

"పాత డబ్బా నాకుంచి, కొత్తది మీ తమ్ముడికి పంపు," అన్నాడు. "రెండు భుజాలూ వాచాయి వాడికి."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లింది. ఆ నవ్వు దేనికో ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ అటు తిరగగానే కొత్త డబ్బా మూత తీసి, నిండుగా ఉందో లేదో చూశాడు.