సయాము మునియప్ప వేసిన ఆకులు

బెంగళూరు పక్క కె.ఆర్.పురంలో మా మరిదిని అందరూ సయాము మునియప్ప అనేవాళ్ళు. సయాము అంటే ఇప్పటి థాయిలాండు, అది ఏ దిక్కున ఉందో ఒక్కడికీ తెలియదు. సంత దాటితే దారి తప్పిపోయే జనం, సముద్రం దాటి వచ్చిన మనిషికి పేరు పెట్టారు! అసలు పేరు పెద్దమునియప్ప. నా భర్తకు సొంత తమ్ముడు. నేను కాపురానికి వచ్చేటప్పటికి ముక్కు చీదడం రాని పిల్లవాడు. అన్నం పెట్టి పెంచింది నేను. కాబట్టి అతని గురించి చెప్పడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీసం సరిగా రాకముందే మలయా రబ్బరు తోటల్లో పని ఉందని ఒక మేస్త్రీ వచ్చి ఊదరగొట్టాడు. వీధి చివరింటి చిన్నప్ప తన అన్న గురప్పతో పోట్లాడి ఓడెక్కాడు. మునియప్పకు ఎవరితోనూ పోట్లాట లేదు, స్నేహితుడు వెళ్తున్నాడని తానూ వెళ్ళాడు. మగవాళ్ళ తెలివి అంతవరకే.

తర్వాత యుద్ధం వచ్చింది, జపానువాళ్ళు మలయాను పట్టుకున్నారు. తెల్లవాడు పోయాడు, ఇక మనమంతా అన్నదమ్ములం అని బండి మీద మైకు పెట్టి చాటారట. మూడు నెలల పని, మంచి కూలి, బియ్యం, చక్కెర అని చెప్పి, ఆ అన్నదమ్ములనే గూడ్సు పెట్టెల్లో కుక్కి సయాము అడవిలోకి తోలారు. వాళ్ళ సైన్యానికి బర్మా దాకా రైలు దారి కావాలి, అదీ తొందరగా కావాలి. మూడు నెలలు ఎప్పుడో అయిపోయాయి గాని విడిచిపెట్టలేదు. పెట్టింది పురుగుల బియ్యం, కొట్టింది పచ్చి వెదురుతో. రోజూ కొందరు చచ్చేవాళ్ళు. వాళ్ళ చోట్లోకి కొత్తవాళ్ళను తెచ్చి పడేసేవాళ్ళు.

యుద్ధం ముగిసి మునియప్ప తిరిగొచ్చిన రోజు ఊరు ఊరంతా మా వాకిట్లో నిలబడింది. మనిషిని చూడటానికి కాదు, మూట చూడటానికి.

"సయాము పట్టుచీర తెచ్చినావా అప్పా?"

"టార్చిలైటు తెచ్చినావా?"

నేను అతని పంచె మోకాలి దాకా ఎత్తి చూపించాను. ముంగాలి మీద పుండు మానిన గుంట, నిమ్మకాయ పెడితే కూర్చునేంత లోతు. "ఇదే సయాము సొత్తు. తలా ఇంత పంచమంటారా?" అన్నాను. అందరికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.

కదలకుండా నిలబడింది ఒక్కరే, చిన్నప్ప తల్లి భాగీరథమ్మ. చూపు సగం పోయిన మనిషి. మునియప్ప మొహం చేతులతో తడిమి, "నాయనా, మా చిన్నోడేడి?" అంది.

"వేరే తోటలో ఉండాడమ్మా. బాగుండాడు" అన్నాడు మునియప్ప.

ఆమె ఆ మాట పట్టుకొనే బతికింది, పట్టుకొనే పోయింది. అన్న గురప్ప మాత్రం ఆ మాటకు నీళ్ళు పోసి పెంచాడు. తమ్ముడు తోటలో ఉన్నాడు అన్నది కొన్నాళ్ళకు తమ్ముడు తోట చూసుకుంటున్నాడు అయింది. గురప్పకు రేషను డిపో వచ్చి, కుల సంఘానికి యజమాని, అంటే పెద్ద, అయ్యేటప్పటికి ఆ తోట తమ్ముడిదే అయిపోయింది! కారు కూడా కొనిపెట్టాడు తమ్ముడికి, మాటలతోనే.

మునియప్ప రైలు గేటు పక్కన బొరుగుల అంగడి పెట్టుకున్నాడు. పిల్లనిస్తామని వచ్చినవాళ్ళు కాలి గుంట చూసి వెళ్ళిపోయారు. పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. అతనికి ఉన్నవల్లా ఆకులే.

మాలో పెద్దల అమావాస్యకు పోయినవాళ్ళ పేరున ఆకు వేస్తాం. బతికుండగా వాళ్ళకేది ఇష్టమో అది వండి పెడతాం. కోడి తిన్నవాడికి కోడి, బీడీ తాగినవాడికి బీడీ. తిరిగొచ్చిన ఏడాదే మునియప్ప సయాములో పోయినవాళ్ళ కోసం నన్ను ఇంకొన్ని వంటలు చెయ్యమన్నాడు. పెరట్లో వరసగా ఆకులేశాడు. ఒకదాంట్లో ఎండుచేపల పులుసు, ఒకదాంట్లో సంగటి, ఉలవచారు. దూరంగా, చేపల వాసన తగలకుండా, పెరుగన్నం, మామిడి ఊరగాయ. ఇంకొకదాంట్లో వెన్న పూసిన బేకరీ బన్ను. అది అక్కడ యుద్ధఖైదీల్లో ఉన్న ఒక తెల్లవాడిదట. పుండ్లు కడిగేవాడు. భాష రాక చేత్తో గుండ్రంగా చూపించి పెదవులు చప్పరించేవాడు. అది బన్నే అయ్యుంటుందని మావాడి ఊహ. చివరి ఆకు అన్నిటికన్నా విచిత్రం. రాగిరొట్టె, దాని మీద వెల్లుల్లి కారం, ఆ కారంలో గుచ్చిన బెల్లంగడ్డ.

"ఇదెవరి పిచ్చి తిండప్పా?" అంటే, "ఒకాయనది" అనేవాడు.

"పేరు లేదా ఆయనకి?"

"ఆడ పేర్లు యాడ చెప్పుకుంటారు వదినా? ఆకలైనోడు దేవుని పేరు గూడా చెప్పడు. పనినుంచి వచ్చి పడుకొని, మా ఇంట్లో ఇది చేస్తారు, అది చేస్తారు అని తిండి గురించే మాట్లాడేది. నాకు గుర్తుండేది అదే."

అలా ప్రతి ఏడూ వండాను. ఊళ్ళో గుసగుసలు ఉండేవి గాని నా నోటికి భయపడి పెరటి గోడ దాటి రాలేదు.

డెబ్భై ఆరులో దాటాయి. ఎమర్జెన్సీ రోజులు. ఢిల్లీ నుంచి స్వయంగా తనకే అధికారం పంపించినట్టు గురప్ప మెడ నిక్కించుకొని తిరిగేవాడు. ఒకరోజు బొరుగుల అంగడి ముందర పదిమందిని పోగేసుకొని మొదలుపెట్టాడు.

"చూసినారా, దేశం దారికొచ్చింది. రైలు టైముకొస్తా ఉండాది. బెత్తం పట్టుకొనేవాళ్ళుంటేనే మన జనం బాగుపడతారు. జపానోళ్ళని చూడండి, అదీ క్రమశిక్షణంటే! ఏమప్పా మునియప్పా, నువ్వు చూసినోడివే కదా?"

మునియప్ప బొరుగులు జల్లిస్తూనే అన్నాడు. "చూసినా గురప్పా. రైలు టైముకి పోవాలంటే దారి కింద ఎంతమందిని పూడ్చాలో చూసినా. నువ్వు పైన కూర్చొని పోయేవాడివి, నీకెందుకులే."

జనం నవ్వారు. యజమాని మొహాన నవ్వడం వాళ్ళకు పండగే. ఆ నవ్వు గురప్పకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

పెద్దల అమావాస్య ఇంకో వారం ఉందనగా కబురు పంపాడు. కులం తెలియని పీనుగులకు ఆకులేసి మునియప్ప ఊళ్ళోకి దయ్యాలను పిలుస్తున్నాడట. గురప్ప పాడి ఎనుము చచ్చింది అందుకేనట. రేషను డిపోలో దొంగిలించిన జొన్నల మూట తిని పొట్ట ఉబ్బి చచ్చిందని వీధి కుక్కలకు కూడా తెలుసు! ఈ ఏడు ఇంటివాళ్ళకు తప్ప ఇంకొక్క ఆకు వేసినా, మునియప్ప పోయినప్పుడు కులంలో ఎవడూ పాడె మొయ్యడు, అతని పేరున ఎవరూ ఆకు వెయ్యరు. అదీ తీర్పు.

నేను బూతులు అందుకున్నాను. మునియప్ప మాత్రం నీరుగారిపోయాడు. పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుని, "నేను పోతే నాకి ఆకెవరేస్తారు వదినా?" అన్నాడు.

"నేను లేనా?"

"నువ్వు నాకన్నా పెద్దదానివి కదా."

"అయితే ఈ ఏడు మానేస్తావా?" అన్నాను.

"కలరా వచ్చినోళ్ళని వేరే గుడిసెలో ఏసేవాళ్ళు వదినా. ఒకనాడు ఆ గుడిసెకి నిప్పు పెట్టినారు. లోపల ఇంకా మూలుగుతా ఉన్నారు. వాళ్ళ ఇండ్లల్లో ఈరోజుకీ వస్తాడులే అని ఎదురుచూస్తా ఉంటారు. బతికుండాడనుకొనేవాళ్ళకి ఎవరన్నా ఆకేస్తారా? నేను మానుకుంటే వాళ్ళు రెండోసారి పస్తే." లేచి చింతపండు నానబెట్టాడు. అదే జవాబు.

అమావాస్య మధ్యాహ్నం ఆకులన్నీ వేశాం. కర్పూరం వెలిగించే వేళకు గురప్ప ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకొని పెరటి తలుపు తోసుకొచ్చాడు.

"చెప్పినా వినలేదు గదా మునియప్పా?"

"ఆకలేసి వచ్చినావా గురప్పా?" అన్నాను. "కూర్చో, దయ్యాలతో పాటు నీకూ వడ్డిస్తా."

"నువ్వు మధ్యలో రావద్దు సొన్నక్కా. ఇది కులం మాట."

చేతికర్రతో మొదటి ఆకును చిమ్మేశాడు. పులుసు మట్టిలో కలిసింది. పెరుగన్నం ఎగిరిపడింది. బన్ను దొర్లుకుంటూ తులసికోట దగ్గర ఆగింది. మునియప్ప అడ్డం రాలేదు. చివరి ఆకు దగ్గర మాత్రం కుంటికాలు చాపి కూర్చుండిపోయాడు.

"అన్నీ తీసేయి. నేను సచ్చినా మొయ్యొద్దు. ఈ ఒక్కటీ వదిలేయప్పా."

"దీంట్లో ఏమి వరహాలుండాయంట?" అని గురప్ప వంగి చూశాడు. రాగిరొట్టె. వెల్లుల్లి కారం. కారంలో బెల్లంగడ్డ.

కర్ర దించాడు. "ఇది మా అమ్మ పెట్టేది" అన్నాడు. "కారం మండుతుందని మా చిన్నోడు ఏడిస్తే వానికట్ల బెల్లం గుచ్చి ఇచ్చేది. మా ఇంట్లో తప్ప ఇంగెవరూ తినరు." ఆ తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "వేరే తోట అన్నావు కదప్పా?"

"మీ అమ్మ అడిగింది. ఆమెకి ఇంకేమి చెప్పేది?"

"ఎట్ల పోయినాడు?"

మునియప్ప నావైపు చూశాడు. నిప్పు పెట్టిన ఆ కలరా గుడిసె సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

"జొరమొచ్చింది. ఈ రొట్టె గురించి చెప్తా చెప్తా నిద్రపోయినాడు" అన్నాడు.

గురప్ప కూలబడి ఏడ్చి మహాత్ముడైపోయాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. కండువాతో ముక్కు తుడుచుకొని, పెద్దమనుషులతో "పోదాం పాండి" అన్నాడు. సంఘంలో ఏం చెప్పాడో తెలుసా? మునియప్ప కాళ్ళమీద పడితే తాను పెద్ద మనసుతో క్షమించాడట! మలయా తోట కూడా ఎక్కడికీ పోలేదు, కొత్తగా వచ్చినవాళ్ళు దొరికితే ఇంకా చెబుతూనే ఉన్నాడు. కాని మరుసటి ఏటి నుంచి పెద్దల అమావాస్యకు ముందురోజు ముసుగేసుకొని పెరటి తలుపు దగ్గరికి వచ్చి, బెల్లం పొట్లం పెట్టి వెళ్ళేవాడు. దొంగతనానికి వచ్చినవాడు కూడా అంత బెదురుగా రాడు.

మునియప్ప ఎనభై మూడులో పోయాడు. పెద్దవాళ్ళే ముందు పోవాలన్న లెక్క యముడికి తెలియదు. పాడె ముందు కొమ్ము గురప్ప మోశాడు. సంఘమంతా నోరు మూసుకొని వెనక నడిచింది.

ఆ ఏడు అమావాస్యకు ఆకు వేసి కూర్చుంటే, ఏం పెట్టాలో తోచలేదు. ఇంతమంది ఇష్టాలు చెప్పినవాడు తనది చెప్పలేదు. ఒకసారి అడిగాను కూడా, అక్కడ పడుకొని నువ్వేమి చెప్పేవాడివప్పా అని. "నేనేమీ చెప్పలేదు వదినా. వినేవాడొకడుండాల గదా" అన్నాడు.

అందుకని అన్ని ఆకుల్లోంచీ కొంచెం కొంచెం తీసి అతని ఆకులో పెట్టాను. చేప పక్కన పెరుగు, సంగటి పక్కన బన్ను ముక్క. గురప్ప పొట్లం పట్టుకొని వచ్చాడు. ఈసారి ముసుగు లేదు, ముందు తలుపు నుంచే వచ్చాడు.

"ఇదేమి కలగూరగంప సొన్నక్కా?" అన్నాడు.

"నీకు తెలిసింది బెల్లం ఒక్కటే. అది పెట్టి పక్కకు జరుగు" అన్నాను.

పెట్టాడు.