పిలిచాకే భోజనం

మొన్న పొద్దున పక్కింటి అమ్మాయి తలుపు తట్టి, "ఆంటీ, పోపో ఈజ్ గాన్" అంది. హాంకాంగ్ నుంచి వచ్చిన ఆ చైనావాళ్ళ భాషలో పోపో అంటే అమ్మమ్మ. కెనడాలోని ఏజాక్స్ ఊళ్ళో మా గోడకు ఆనుకున్న ఇల్లు వాళ్ళది. నేను కూడా ఆవిణ్ణి పోపో అనే పిలిచేదాన్ని. ఏడుపుతో పాటు నాకు భయం కూడా వేసింది. ఆ భయం మా నాలుగేళ్ళ పాప గురించి.

పాపతో నేను తెలుగులోనే మాట్లాడతాను. అది ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. ఫోన్‌లో మా అత్తగారు "బంగారూ, ఏం తిన్నావే?" అంటే "పాస్టా" అనేసి పరిగెడుతుంది. "నేనెవరో దానికి తెలుసా అమ్మాయ్?" అని ఆవిడ అడిగినప్పుడల్లా మాట మార్చేస్తాను. నేను పెద్దగా చదువుకోలేదు. ఎవరినైనా సలహా అడగాలంటే నోరు పెగలదు.

పోపోకూ ఇంగ్లీషు నాకు వచ్చినంతే. అందుకేనేమో ఆవిడ దగ్గర బెరుకు ఉండేది కాదు. కిటికీ గట్టు మీద కమలాతొక్కలు ఎండబెట్టి, వంటల్లోకని ఏళ్ళ తరబడి దాచేవారు. నన్ను చూస్తే ఒకటి తీసి వాసన చూడమనేవారు.

ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. మనవరాలు ఆకలితో వచ్చి గిన్నె అందుకోబోతే, పోపో ఆ గిన్నె మీద అరచెయ్యి పెట్టారు.

"పోపో, ఐయామ్ స్టార్వింగ్!"

"నో కాల్, నో ఈట్."

ఆ అమ్మాయి నిట్టూర్చి అమ్మమ్మనీ, తల్లినీ, తండ్రినీ వరసపెట్టి పిలిచి, వాళ్ళ భాషలో అన్నం తినమని చెప్పింది. తర్వాతే తిండి ముట్టుకుంది. ప్రతి పూటా అంతేనట.

"మన ఊళ్ళో అయితే ఇంటిల్లిపాదినీ పిలిచేలోపు కూర అయిపోతుంది" అని మా ఆయన నవ్వారు.

వంటింట్లో పోపో తన వచ్చీరాని ఇంగ్లీషులో నాతో అన్నారు: "ఇంగ్లీషు బడిలో వస్తుంది. ఇది నేను అడక్కపోతే ఎవరూ అడగరు."

మర్నాడు నేనూ పాపను అడిగాను. "'అమ్మా, తిను' అనమ్మా."

"వై? యూ ఆర్ రైట్ హియర్!" అని ఏడుపు. నేనే ఓడిపోయాను. గోడ అవతల వినబడిందేమో, పోపో వచ్చి పాప పక్కన కూర్చుని, నాతో "టుమారో, అగైన్" అన్నారు. ఆ తర్వాత చాలాసార్లు మా భోజనాల వేళకు వచ్చేవారు. ఆవిడ ఎదురుగా ఉంటేనే పాప "అమ్మా, తినూ" అనేది. లేని రోజున నేను ఎంత బతిమాలినా అనేది కాదు.

నిన్న అంత్యక్రియలయ్యాక, వాళ్ళ పద్ధతి ప్రకారం అందరినీ హోటల్లో భోజనానికి కూర్చోబెట్టారు. మనవరాలు అలవాటుగా "పో..." అని ఆగిపోయింది. సూప్ మీద ఆవిరి తగ్గిపోతోంది. వీళ్ళింట్లోనూ ఇది ఇక్కడితో ఆగిపోతుందా అనుకున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి, ఇప్పుడు ఇంటికి పెద్దయిన తల్లిని పిలిచింది. తర్వాత తండ్రిని.

అందరూ తినడం మొదలుపెట్టారు. మా పాప స్పూను పట్టుకుని బల్ల చుట్టూ ఎవరి కోసమో వెతికింది. చివరికి నా వైపు తిరిగింది. నా గిన్నెలో అన్నం చల్లారుతోంది. నేను తినకుండా దాని పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను.