ఈదమ్మ చూసిపెట్టిన మిషన్

జనగామలో ఈదమ్మకు తొమ్మిది ఇండ్లు ఉండేవి. ఒక్కదానిలోనూ ఆమె పడుకోలేదు. చాలావాటిలో వాకిలి దాటి లోపలికి పోలేదు. అయినా అవి ఆమె ఆస్తే. తెలంగాణ ఉద్యమంలో బడులన్నీ మూతబడ్డ అరవై తొమ్మిదిలో కులపెద్దలు కూర్చుని, ఆమె మామ బట్టలుతికే పద్దెనిమిది ఇండ్లను ఇద్దరు కొడుకులకు చెరిసగం పంచారు. పెద్దకొడుకు రాజలింగం భార్య ఈదమ్మ. పొలం పంచినంత గంభీరంగానే పంచారు. ఏ ఇంట్లో తెల్లబట్టలు కట్టేవాళ్లు ఎక్కువ, ఏ ఇల్లాలు అన్నం మీద కూర వేస్తుంది, ఏ ఇల్లాలికి కూర వేయడం గుర్తుండదు అన్నవన్నీ విచారించి మరీ పంచారు.

ఇంటి మీద హక్కు అంటే ఆ ఇంటి బట్టలు ఆ చాకలి తప్ప మరొకరు ముట్టరాదు. బదులుగా పొద్దుగూకే వేళ గిన్నెడు అన్నం, పంట వచ్చినప్పుడు వడ్లు.

కొన్నేండ్లకు రాజలింగం కామెర్లొచ్చి నెల రోజుల్లో పోయాడు. ఇండ్లు అంతకంటే మర్యాదగా, నెమ్మదిగా పోయాయి. రెండు హైదరాబాదుకు తరలిపోయాయి. మూడు నైలాను చీరలకు మారాయి. వాటికి బండదెబ్బలు అక్కర్లేదు. మరో మూడు బస్టాండు దగ్గరి లాండ్రీ పాలయ్యాయి. ఎనభై ఏడు నాటికి ఈదమ్మకు మిగిలింది గోవర్ధన్ రెడ్డి ఇల్లొక్కటే. ఆమె ఒంటరి మనిషి. ఆ ఇల్లుంటే పూట గడుస్తుంది. పోతే గడవదు.

గోవర్ధన్ రెడ్డికి లింగాల ఘనపూర్‌లో పొలాలు, జనగామలో మేడ, అన్ని విషయాల మీద ఖరారైన అభిప్రాయాలు ఉన్నాయి. ఇంట్లో భార్య కౌసల్య, ఎనభైకి దగ్గరపడ్డ తల్లి రాజమణి. ఆ ఏడు టీవీలో బట్టలుతికే మిషన్ కనిపించింది. వారం రోజులు భోజనాల దగ్గర దాని మీద చర్చ నడిచింది. ఉతికేదొక్కటే సరిపోతుందా, నీళ్లు పిండి ఆరబెట్టే డబ్బా కూడా కలిసి ఉన్నదే కావాలా అన్నచోట సభ ఆగిపోయింది. చివరికి గోవర్ధన్ రెడ్డి తీర్పు చెప్పాడు. తెలియని వస్తువు కొనేటప్పుడు తెలిసినవాళ్లను వెంట తీసుకుపోవాలి. ఎడ్లు కొనడానికి పాలేరును తీసుకుపోలేదా? బట్టల సంగతి ఈదమ్మకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అసలు ఏ ఉద్దేశమూ లేదు.

"ఈదమ్మా, రేపు హన్మకొండ పోవాలె. జర మంచి చీర కట్టుకొని రా" అన్నది కౌసల్య.

"ఎందుకమ్మా?"

"బట్టలుతికే మిషన్ కొంటున్నం. నువ్వే సూసి చెప్పాలె."

ఈదమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. అది కౌసల్యదే, రెండేండ్ల కిందటిది.

దుకాణం కుర్రాడు కోస్తా వాడు. చక్రవర్తికి రాజ్యం చూపించినట్టు రెండు మిషన్లు చూపించాడు. రెంటికీ రెండేసి తొట్లు. "ఇందులో ఉతుకుతుందండి, ఇందులో గిర్రున తిప్పి నీళ్లు పిండేస్తుందండి" అన్నాడు.

"ఆరుతయా మరి?" అని ఈదమ్మ అడిగింది.

"ముప్పాతిక ఆరిపోతాయమ్మా. కాసేపు దండెం మీద వేస్తే చాలు."

"కాలరు మురికి ఎట్ల పోతది? చెయ్యి లేదు, బండ లేదు."

కుర్రాడు నవ్వాడు. "ఎట్ల పోతదా? అడుగున బిళ్ల తిరుగుతుంది కదా, దాంతో పోతుంది." ఆ 'ఎట్ల పోతదా'ను సినిమాల్లో హాస్యగాడు పలికినట్టు పలికాడు. గోవర్ధన్ రెడ్డి దగ్గాడు. కుర్రాడు మర్యాదలోకి వచ్చి, "ఈవిడ మీకేమవుతారండీ?" అన్నాడు.

"మా ఇంటి చాకలి."

కుర్రాడు ఈదమ్మను చూశాడు, మిషన్‌ను చూశాడు. ఏదో అనబోయి, అమ్మకం గుర్తొచ్చి మిషన్ మూత తెరిచాడు.

గోవర్ధన్ రెడ్డికి మొదటి మిషన్ మీద మనసైంది, రంగు బాగుంది. ఈదమ్మ మోచేతిదాకా తొట్టిలో చెయ్యిపెట్టి, అడుగున బిళ్లను చుట్టూ తడిమింది. ఒకచోట వేలు ఆగింది. కొంగు తీసి అక్కడ రాసింది. పోగు చిక్కుకుంది. రెండో మిషన్‌లో రాస్తే కొంగు జారిపోయింది.

అప్పుడామె ఒక నిమిషం తొట్టిలోనే చెయ్యి ఉంచి నిలబడింది. మొదటిదే మంచిదని ఒక్క మాట అంటే చాలు. నాలుగు వారాల్లో కౌసల్య చీరల అంచులు లేచిపోతాయి, మిషన్ మూలకు పడుతుంది, ఇల్లు ఈదమ్మకు మిగులుతుంది. కానీ చిరిగేది తన ఇంటి బట్ట. పద్దెనిమిదేండ్లలో ఆ ఇంటి బట్ట ఆమె చేతిలో ఒక్కటి చిరగలేదు.

"గిది వద్దు పటేలా. అంచులు పట్టుకుంటది. గదే మంచిది" అన్నది.

"సూసినవా? అందుకే తెచ్చిన" అన్నాడు గోవర్ధన్ రెడ్డి భార్యతో.

మిషన్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నల్లా, కరెంటు ప్లగ్గు రెండూ ఉన్న ఒకే ఒక్క చోట నిలబెట్టారు. అది దేవుని అర్ర పక్కన వసారా. మర్నాటి నుంచి ఈదమ్మకు బట్టలు తగ్గాయి. వారం తిరక్కుండానే అన్నం గిన్నె ఆగింది. ఉతకని బట్టలకు అన్నం ఎట్లా అని కౌసల్య సందేహం. అది న్యాయమైన సందేహమే.

ఈలోగా రాజమణికి పక్షవాతం వచ్చింది. మంచంలోనే అన్నీ. ఆ పక్కబట్టలను దేవుని అర్ర పక్కన, కుంకుమ పెట్టిన మిషన్‌లో ఎలా వేస్తారు? మడి చెడుతుంది. ఆ విధంగా మిషన్‌కు శుభ్రమైన బట్టలు, ఈదమ్మకు మిగిలినవి, వాటికి సగం గిన్నె అన్నం వచ్చాయి.

ఈదమ్మ గోవర్ధన్ రెడ్డి ముందు నిలబడింది. "పటేలా, మైలబట్ట నాకేసి మంచిబట్ట మిషన్‌కేస్తె నా ఇల్లేమైనట్టు?"

"ఇల్లు నీదే ఈదమ్మ. కాదన్నదెవలు? మిషన్ చేసేది మిషన్ చేస్తది, నువ్వు చేసేది నువ్వు చేస్తవ్."

ఇంతకంటే సమానమైన తీర్పు ఉండదు. ఈదమ్మ వెనక అర్రలోకి పోయి రాజమణి కింది దుప్పటి లాగింది.

"ఏమన్నడే నా కొడుకు?" అన్నది ముసలమ్మ, వంకరపోయిన నోటితో.

"ఇల్లు నాదే అన్నడవ్వా."

"అబద్దం. నన్ను గా మిషన్‌ల ఎయ్యరాదు. అందుకే నీకిచ్చిండ్రు." దుప్పటి కదలగానే, "మెల్లగ గుంజు. నేను నీ బండను కాదు."

"బండైతే ఇంత తిట్టకపోవు."

"నేను పోయినంక నీకెవలు తిండి పెడ్తరే? ఇప్పుడన్న నా దుప్పటి ఉన్నది."

"నువ్వు పోకు మరి" అన్నది ఈదమ్మ.

రాజమణి చలికాలం చివర పోయింది.

చావు మైల ఇంటికంతా తగులుతుంది. కట్టినవి, మడతపెట్టినవి, పెట్టెలో ఉన్నవి, అన్నీ మైలే. మిషన్ మీద పాత దుప్పటి కప్పారు. పదకొండు రోజులు దాన్నెవరూ ముట్టలేదు. వచ్చిన చుట్టాల బట్టలతో సహా ఇల్లంతా మూటలు కట్టి ఈదమ్మ ముందు పెట్టారు. ఆమె రెండు బానలు పెట్టి ఉడకేసింది. చెరువు గట్టు మీద బట్టలు అంత తెల్లగా పరిచి ఎన్నో ఏండ్లయింది. రోజూ పొద్దుగూకే వేళ అన్నం గిన్నె నిండింది. పై నుంచి కూర కూడా పడింది. ఆ పదకొండు రోజులూ ఆమె ఇల్లు ఆమెకు పూర్తిగా తిరిగొచ్చింది.

పన్నెండో నాడు ఆమె వెనక గుమ్మం దగ్గర నిలబడేసరికి లోపల మిషన్ తిరుగుతోంది.

"శుద్ధైంది గద ఈదమ్మా. పొద్దుగాలనే ఏసిన" అన్నది కౌసల్య, దోషిలాగా కాక, వార్త చెప్పినట్టు.

"అంచులు మంచిగుంటున్నయా అమ్మా?"

"మంచిగున్నయ్. నువ్వు మంచిదే సూసినవ్."

"మైలబట్టలున్నయా?"

"ఇప్పుడెవలున్నరు మంచంల?"

ఈదమ్మ వెనక అర్ర వైపు చూసింది. మంచంలో ఎవరూ లేరు. ఎవరో ఒకరు మంచం పట్టాలని కోరుకోవడం మొదలుపెడితే, ఈ గుమ్మం ముందు ఎట్లా నిలబడాలో ఆమెకు తెలియలేదు.

"ఇగ ఇల్లు ఇడిసిపెడుతున్నమ్మా. నాకోసం సూడకుండ్రి."

కౌసల్య భర్తను పిలిచింది. గోవర్ధన్ రెడ్డికి నిజంగానే బాధ కలిగింది. "ఇడుసుడేంది? తరాల నుంచి వస్తున్న హక్కు. రేపు ఏదన్న అయితే ఎవలను పిలవాలె?"

"ఏదన్న అయితేనే గదా పటేలా నేను" అన్నది ఈదమ్మ.

వారం తిరిగేసరికి ఆమె హన్మకొండ రోడ్డు మీద కొత్తగా తెరిచిన ఒక ప్రైవేటు దవాఖానలో పనికి కుదిరింది. వెనక రేకుల కింద సిమెంటు తొట్టి, రోజూ దుప్పట్లు. గోవర్ధన్ రెడ్డి ఇంట్లో కాలరు చూస్తే చొక్కా ఎవరిదో, చెమటను బట్టి ఎవరు ఎండలో తిరిగారో ఆమెకు తెలిసేది. ఇక్కడ దుప్పట్లన్నీ ఒకే రకం. మొదటి రోజుల్లో రక్తం ఉన్నదేదైనా చేతికొస్తే ఆయాను అడిగేది.

"గిది ఎవల్దక్కా?"

"ఏడో నంబర్ మంచానిది."

"బతికిండా?"

"నాకేమెరుక. దుప్పటి మార్చిన్రు."

కొన్నాళ్లకు అడగడం మానేసింది.