రెండింతల వేగంతో విన్న మనిషి

మంగళవారం పొద్దున మా పాత రేడియోల వాట్సాప్ గ్రూపులో కాక నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఎప్పుడూ గొంతు రికార్డు చేసి పంపే మనిషి టైపు చేశాడేమిటా అనుకుంటూ తెరిచాను. "మా నాయిన పొద్దుగాల పోయిండు. నేను ఆయన బిడ్డను." దాని కింద అప్పటికే ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. తర్వాత వరసగా దండాలు, పూలు. తొమ్మిదిన్నరకల్లా ఇంకెవరో స్కూటర్ బ్యాటరీ గురించి అడిగారు. ఇద్దరు జవాబు కూడా చెప్పారు.

నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. అందులో పెద్ద భాగం నా మీదే. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇదంతా గ్రూపువాళ్లను తిట్టినట్టు ఉంటుంది.

కాక నాకు చుట్టం కాదు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను జనగామలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తాను. మా బాపు వదిలిపోయిన రేడియోను ఎట్లాగైనా పలికించాలని ఆ గ్రూపులో చేరాను. అందరూ కాకా అంటుంటే నేనూ అన్నాను. పలికేవి, పలకనివి కలిపి ఆయన ఇంట్లో ఒక గోడ నిండా రేడియోలు. వాటికంటే ముద్దుగా చూసుకున్నది మాత్రం ఒక బిస్కెట్ల డబ్బా. దాని నిండా వాల్యూం తిప్పే గుండ్రటి బిళ్లలు. నా రేడియోకు ఒకటి లేదని చెప్పిన మూడో రోజే, పాత బనీను గుడ్డలో చుట్టి బస్సు పార్శిల్‌లో పంపాడు. "ఒకటి నల్లగున్నది, ఒకటి జర ఎర్రగున్నది. నీ రేడియోకు ఏది నచ్చుతే అది పెట్టు బిడ్డా" అన్నాడు. నాకు కాదు, రేడియోకు నచ్చాలట.

రేడియోల గ్రూపే గాని, అందులో ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటర్లు అన్నీ వచ్చేవి. ఏది పాడైనా కాక ఒకటే అడిగేవాడు. "ముందుగాల సప్పుడు పంపు. ఫోటో నాకెందుకు? ఫోటోల అన్ని మంచిగనే కనబడ్తయి." మేం ఫోన్ దగ్గర పెట్టి గరగరలు, కీచులు రికార్డు చేసి పంపేవాళ్లం. ఆయన విని, ఇది బుష్ అరిగిన సప్పుడు, ఇది దుమ్ము సప్పుడు అని తేల్చేవాడు. ప్లాంటులో నేర్చిన విద్యేనట. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను మిషన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల బేరింగ్ ఎట్లా తిరుగుతుందో తెలిసిపోతుందట. డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్ నుంచి ఒకామె తన గ్రైండర్ సప్పుడు పంపితే, "అమ్మా, గ్రైండర్ మంచిగున్నది. నీ వెనుక ఫ్యాన్ ఊడిపడేటట్టున్నది, దాని కింద కూసోకు" అన్నాడు. గ్రూపంతా నవ్వింది. ఆమె ఫ్యాన్ దింపించింది.

ఆయన వాయిస్ మెసేజ్‌లు మాత్రం నాలుగైదు నిమిషాలు ఉండేవి. ప్రతిదీ "ఇనబడ్తుందా బిడ్డా?" అని మొదలయ్యేది. ఆ తర్వాత, మనం అవునంటామన్నట్టు, కొంచెం ఆగేవాడు.

"కాకా, ఇది ఫోన్ కాదే, రికార్డు. ఎవలు పలుకుతరు?" అని ఏడిపించేవాళ్లం.

"నాకెరికే. అయినా అడగకుంట ఎట్ల మొదలువెడ్త?"

ఒకరోజు మహబూబాబాద్‌లో ఉండే మా అడ్మిన్ రూలు పెట్టాడు, వాయిస్‌లు నిమిషం దాటొద్దని. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఒక్కరమూ కాదనలేదు. నేనూ సరే అన్నాను. నాలుగు నిమిషాలు వింటే నాకు ఏం మునిగిపోయేదో ఇప్పుడు గుర్తు లేదు. కాక గొడవ చేయలేదు. గ్రూపులో పొట్టి మాటలు, అడిగినవాళ్లకు విడిగా పొడుగు మాటలు పంపడం మొదలుపెట్టాడు. వాటిని నేను రెండింతల వేగంతో వినేదాన్ని. కూర కలుపుతూనో, చీర కుచ్చిళ్లు సర్దుతూనో, నాకు పనికొచ్చే ఒక్క ముక్క దొరికేదాకా.

ఆయన పోవడానికి పది రోజుల ముందు నా వాషింగ్ మిషన్ దడదడలాడుతుంటే సప్పుడు పంపాను. జవాబు వచ్చింది. ఉరికించి విన్నాను. "ఒక కాలు లేసింది, అట్ట ముక్క పెట్టు" అన్నది దొరికింది. పెట్టాను, దడదడ ఆగింది. నేనూ ఒక బొటనవేలు బొమ్మ పెట్టాను.

చావు వార్త వచ్చిన రోజు దాన్ని మామూలు వేగంతో విన్నాను. "ఇనబడ్తుందా" తర్వాత ఆ ఆగడం ఉంది కదా, అందులో గాలి పీల్చుకోలేని చప్పుడు. మధ్యలో స్పష్టంగా, "జర దమ్మొస్తున్నది బిడ్డా, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు. ఇరవై సెకన్లు ఏమీ లేదు, ఆయాసం తప్ప. తర్వాత మళ్లీ నా మిషన్ సంగతి. ఆయనకు మిగిలిన ఊపిరిలో కొంత నా మిషన్ కాలుకు ఖర్చయింది.

మామూలుగా విన్నా నాకు అర్థమయ్యేదా? నేనేమన్నా డాక్టరునా? దవాఖానకు పో కాకా అని అంటే ఆయన పోయేవాడా? ఏమో. ఈ "ఏమో" నన్ను కాపాడుతుందని మాత్రం నేననుకోవడం లేదు. దమ్ము వస్తున్నదన్న మాటకు డాక్టరు చదువు అక్కర్లేదు.

రెండు రోజులకు ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, మీ తాన నాయిన మాటలు ఉన్నయా? ఫోన్ నిండుతున్నదని ఆయన వారం వారం తుడిచేసెటోడు. మాకు ఒక్కటి మిగల్లే."

నా దగ్గర అన్నీ ఉన్నాయి. ప్రేమతో దాచినవి కావు, తుడిచే ఓపిక లేక ఉన్నవి. ఇంట్లో కూర్చుని పంపడానికి మనసొప్పక వాళ్ల ఊరికి బస్సెక్కాను. పరకాల దాటేదాకా ఒకటే ఆలోచన. ఆఖరుది ఒక్కటి తీసేసి మిగతావి ఇస్తే ఎవరికి తెలుస్తుంది?

గోడ నిండా రేడియోల ముందు, చాప మీద కూర్చున్నాం. ఆమె నాకంటే చిన్నది, ముఖం పీక్కుపోయి ఉంది. "ఆఖరుది ఏది అక్కా?" అని అడిగింది.

ఫోన్ చేతికిచ్చాను. "చెల్లే, ముందే చెప్తున్న. ఇందుల దమ్మొస్తున్నదని అన్నడు. నేను వినలే."

ఆమె తెర వైపు చూసింది. "వినకుంటనే గీ బొమ్మ పెట్టినవా?"

"ఉరికిచ్చి విన్న."

"పక్క అర్రల నేనున్న. నాకు మంచిగనే ఉన్ననని చెప్పుకుంట వచ్చిండు. ఊపిరితిత్తుల్ల నీరు నిండిందని డాక్టర్ చెప్పేదాక ఎరుక లేదు." గొంతు పెద్దదైంది. "ఎన్నడు ముఖం చూడనోళ్లకు చెప్పిండు, నాకు చెప్పలే. ఎందుకక్కా? మీరేం చేసిన్రు?"

తిట్టినా బాగుండేది.

ఆమె ఫోన్‌ను చెవికి ఆనించుకుని నొక్కింది. దూరంగా ఉన్నా నాకూ వినిపిస్తూనే ఉంది. ఒక్క నిమిషం ఆగు అన్న చోటుకు వచ్చింది. అక్కడ ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. ఇరవై సెకన్లు. మెడ నరం పొంగింది, కళ్లు రేడియోల మీద నిలిచిపోయాయి. అవతల తండ్రి మళ్లీ మాట్లాడేదాకా ఆమె గాలి వదలలేదు.