పదకొండు అంకెలు కలిసిన లెక్క

హియెన్ పరిశోధకురాలే కానీ మేధావి కాదు. ఆ మాట ఆమే అంటుంది. క్వీన్యోన్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న మా భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రానికి పన్నెండేళ్ళుగా అదే స్కూటరు మీద వస్తోంది. పొద్దున యూనివర్సిటీలో మొదటి సంవత్సరం పిల్లలకి పాఠం, తర్వాత చేపముద్దలేసిన నూడుల్స్ ఒక గిన్నె, ఆ తర్వాత లెక్క. ఏడాదిన్నరగా ఒకటే లెక్క.

విశ్వంలో కంటికి కనబడని పదార్థం ఒకటుంది. దాని కణాలు రెండు ఎదురుపడితే ఒకదాన్నొకటి తుడిచేసుకుని మామూలు కణాలుగా మారిపోతాయి. ఆ తుడిచేసుకోవడం ఎంత జోరుగా సాగిందో తెలిస్తే ఇవాళ ఎంత మిగలాలో చెప్పొచ్చు. నిజంగా ఎంత మిగిలిందన్నది ఆకాశం చూసేవాళ్ళు నూటికి ఒక వంతు తేడాతో కొలిచిపెట్టారు. కాబట్టి మా లెక్కా అంత నికార్సుగా ఉండాలి. హిగ్స్ కణానికి ఇంకొందరు చుట్టాలున్నారనుకునే నమూనా మాది. అందులో పైపై లెక్క ఒక పూట పని. దానికి క్వాంటం సవరణ కట్టాలంటే కణాల రాకపోకల్ని చూపే బొమ్మలు కొన్ని వేలు గీసి, ఒక్కోదాని విలువ తేల్చాలి. విశ్వరహస్యం ఛేదిస్తున్నామని సభల్లో చెప్పుకుంటాం గానీ, చేసేది గుమాస్తా పని. గుమాస్తా పనిలో తప్పులు దొర్లుతాయి.

తప్పు పట్టుకోవడానికి మాకున్న కట్టుబాటు ఇది. ఇద్దరు మనుషులు అదే లెక్కని విడివిడిగా చేస్తారు. ఒకరి ప్రోగ్రాము ఒకరు చూడరు. చివరికి వచ్చిన సంఖ్యని మాత్రం అంకె తర్వాత అంకె పైకి చదువుకుంటారు. హియెన్‌కి జోడీ ఖాయ్ అనే కుర్ర పరిశోధకుడు. ఇద్దరి మీదా పెద్దాయన లూయెన్ మాస్టారు.

ఫిబ్రవరిలో చదువుకుంటే హియెన్‌కి సవరణ మైనస్ 9.6 శాతం వచ్చింది. ఖాయ్‌కి మైనస్ 14.2. ఎవరో ఒకరు తప్పు. రెండు నెలలు ఇద్దరూ ఎవరి లెక్క వాళ్ళు గాలించుకున్నారు. ఖాయ్ తడబడే రకం కాదు కాబట్టి తప్పు తనదేనని హియెన్ నమ్మేసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి మా దగ్గర లైట్లు తీసేసి అందరూ చాపలు పరుచుకుని పడుకుంటారు. ఏప్రిల్‌లో ఒక రోజు హియెన్ కప్పు కడుక్కుని వస్తుంటే ఖాయ్ బల్ల కింద గుర్రు పెడుతున్నాడు. అతని తెర వెలుగుతోంది. ఆమె నిలబడి చదివింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. తను ఉంచిన ఒక జాతి బొమ్మల్ని అతను పూర్తిగా వదిలేశాడు. ఓహో, ఇవి అక్కర్లేవన్నమాట అనుకుని, తన చాప వైపు కాకుండా కంప్యూటర్ వైపు వెళ్ళి వాటిని కొట్టేసింది.

ఆ వారం పదకొండు అంకెలు కలిశాయి.

"పదకొండే! ఇక ఈ రెండు లెక్కలకీ పెళ్ళి చేసెయ్యొచ్చు" అన్నాడు లూయెన్ మాస్టారు.

"పెళ్ళికూతురు మొహం చూడండి మాస్టారూ, అప్పగింతలప్పుడు ఏడ్చినట్టుంది" అన్నాడు ఖాయ్. అతను గాల్లో తేలుతున్నాడు. జూన్ ముప్పైతో అతని కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించే కమిటీ జూన్ పన్నెండున కూర్చుంటుంది. వాళ్ళు అడిగేది ఈ లెక్క మీద రాసే పేపరే.

పేపరు మే మొదటి శుక్రవారం బయటికి పంపాలి. ఆ వారం సోమవారం హియెన్ నూడుల్స్ మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ కలవడానికి విలువ లేదని ఆమె ఒక్కదానికే తెలుసు. తేల్చుకోవడానికి ఒక దారి మిగిలింది. గేజ్ అని మా లెక్కల్లో ఒక మీట ఉంటుంది. అది మన సౌకర్యానికి మనం పెట్టుకున్నదే, ప్రకృతికి దానితో పనిలేదు. దాన్ని ఎటు తిప్పినా జవాబు కదలకూడదు. తిప్పితే పని పదింతలవుతుందని ఖాయ్ దాన్ని ఒకే చోట బిగించేశాడు. పదకొండు అంకెలు కలిశాక ఇంకెందుకని మాస్టారూ అడగలేదు. హియెన్ ప్రోగ్రాములో మీట తిరుగుతుంది. మూడు రోజులు మెషీన్ నడవాలి.

గురువారం సాయంత్రం జవాబు వచ్చింది. సంఖ్య కదిలింది. కొట్టేసిన బొమ్మల్ని తిరిగి పెట్టి రెండు మూడు చోట్ల చూసింది. మైనస్ 9.6. కదల్లేదు. మొదట తను చేసిందే ఒప్పు.

శుక్రవారం పొద్దున మాస్టారి గదిలో, ఖాయ్ కూడా ఉండగా, ఆమె నిలబడే చెప్పింది. "పేపరు పంపకండి. ఏప్రిల్‌లో నేను ఖాయ్ తెర చూశాను. చూసి నాది మార్చుకున్నాను. తప్పు ఖాయ్‌ది. నేను దాన్ని ఎత్తుకొచ్చి నా దాంట్లో పెట్టుకున్నా."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాపీ కొట్టేదానివి కాస్త మంచి విద్యార్థి దగ్గర కొట్టాల్సింది కదక్కా" అన్నాడు ఖాయ్. నవ్వబోయాడు, రాలేదు. "సరే. తప్పెక్కడో చెప్పు, సాయంత్రానికి సరిచేస్తా."

"చెప్పను."

"ఏంటీ?"

"చెప్తే నీ లెక్క కూడా నాదే అయిపోతుంది తమ్ముడూ. అప్పుడు మన దగ్గర ఉండేది ఒకటే లెక్క, రెండు సార్లు రాసింది."

"అంటే నువ్వు చూడొచ్చు, నేను చూడకూడదు! నా కాంట్రాక్టు సంగతి?"

"తెలుసు."

"తెలిసీ చెప్పవు."

ఖాయ్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కిటికీ వైపు చూశాడు. "చెప్పకూడదు" అన్నాడు చివరికి.

ఆ తర్వాతి ఐదు వారాలు మా గదిలో గాలి ఆడలేదు. ఖాయ్ తెర మీద తువ్వాలు కప్పి పడుకునేవాడు, అందరికీ కనబడేలా. ఒకసారి ఐస్ కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టి "కనీసం ముందు సగంలోనా, వెనక సగంలోనా?" అని అడిగాడు. ఆమె కాఫీ తాగలేదు. మెట్ల మీద అతను ఎదురైతే తల తిప్పుకునేది, తన కళ్ళు ఎక్కడ చెప్పేస్తాయోనని. ఆమెది కఠిన హృదయమని క్యాంటీన్‌లో అనుకున్నారు. అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

జూన్ పన్నెండు వచ్చింది. కమిటీ కూర్చుంది, లేచింది. పేపరు లేదు, పొడిగింపు లేదు.

పదహారున ఖాయ్ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు, గడ్డం పెరిగి. "తోకకప్పలు" అన్నాడు. ఒంటి తోకతో వేలాడే బొమ్మల్ని మేం అలాగే అంటాం. "మొత్తం జాతినే వదిలేశాను కదా?"

ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. "అంకెలు చదువు."

చదివాడు. మైనస్ తొమ్మిది, పాయింటు, ఆరు, ఒకటి, నాలుగు... ఆమె వేలు తన కాగితం మీద జరుగుతూ వచ్చింది. పదో అంకె దాకా కలిశాయి, పదకొండోది కలవలేదు. అది మెషీన్ చివరి అంకెల్ని కుదించడంలో వచ్చే తేడా. అసలు కలయిక అలాగే ఉంటుంది.

మైనస్ పద్నాలుగుతో ఆకాశపు కొలతకి పొసగక చచ్చిపోవాల్సిన నమూనా తొమ్మిదిన్నరతో బతికింది. ఆ మాట పేపర్లో ఒక వాక్యం. హియెన్ పట్టుబట్టి ఇంకో వాక్యం పెట్టించింది, మొదటి పోలిక చెల్లదని, ఎందుకు చెల్లదో. ఇలాంటివి ఎవరూ రాయరని మాస్టారు గొణిగాడు గానీ కొట్టెయ్యలేదు.

ఖాయ్ జూలైలో దానాంగ్‌లో ఒక కాలేజీలో చేరాడు. వారానికి పద్దెనిమిది గంటల పాఠాలు. వెళ్ళే ముందు ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"మళ్ళీ ఇలాంటి లెక్క చేస్తే నీతోనే చేస్తానక్కా" అన్నాడు. "కాకపోతే నువ్వు ఈ ఊళ్ళో, నేను ఆ ఊళ్ళో."