వాన లేకుండా తడిసిన గోడ

మీ ఇంట్లో ఏదైనా కీడు జరిగితే, కారణం వెతకకముందే మీరు ఎవరి ముఖం వైపు చూస్తారు? నిజం చెప్పండి. మొన్న మా ఇంట్లో చాలాకాలంగా మూసి ఉన్న ప్లైవుడ్ అలమర తెరిస్తే, నాని ముక్కిపోయిన చెక్క వాసన గుప్పున కొట్టింది. ముందు నరసింహులన్న గుర్తొచ్చాడు. ఆయన వెంట రమణమ్మ, ఆ వెనక తల దించుకున్న నేను.

కువైట్ ఇరాక్ సైన్యం ఆక్రమణలో ఉన్న ఆ చలికాలం, అమ్ఘరాలో పాత సామాన్ల యార్డులోని ఒక కారవాన్‌లో ఏడుగురం తలదాచుకున్నాం. బయట రేకు, లోపల ప్లైవుడ్, కింద గాలిపోయిన చక్రాలు. చాలామంది జోర్డాన్ మీదుగా స్వదేశం చేరుకున్నారు. కాగితాలు లేకో, దారికి భయపడో మేం మిగిలిపోయాం. నరసింహులన్నది కడప వైపు. నీళ్లు దిగి పాడైన కారవాన్లను బాగుచేయడం ఆయన పని. చెక్కను బొటనవేలితో నొక్కి, లోపల ఎంతవరకు పుచ్చిందో చెప్పేవాడు. రోజూ నుదుట విభూతి పెట్టుకునేవాడు. కోనసీమలో వేదికలెక్కి దేవుడు లేడని వాదించి వచ్చిన నేను, ఆ విభూతిని బట్టి ఆయన్ని తక్కువగా లెక్కగట్టాను. ఒకసారి ఎగతాళి చేస్తే, "లేకుంటే లేకపాయలేప్పా. నా స్క్రూడ్రైవర్ యాడ పెట్టినావో అది సెప్పు" అన్నాడు.

రమణమ్మది రాయచోటి దగ్గర పల్లె. మిష్రిఫ్ పేటలో ఒక కువైటీల ఇంట్లో పనిచేసేది, యజమానురాలిని 'మామా' అనేది. ఎవరో చెబితే నరసింహులన్నను వెతుక్కుంటూ వచ్చింది. "మామా వాళ్లు సౌదీకి పోయినారన్నా. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉండాది." ఆయన కారవాన్ చివర ప్లైవుడ్ అడ్డం కొట్టి ఆమెకు చోటు చేశాడు. అంతవరకూ ఎండు రొట్టెలతో గడిపిన మాకు ఆమె కిరోసిన్ స్టవ్ మీద వేడన్నం వండింది. తమ్ముడితో కలిసి మాతో ఉంటున్న కొండయ్య మొదటి ముద్దకే కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరగకుండానే గోడ తడవడం మొదలైంది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా నీళ్లు ధారలు కట్టి పరుపుల్లోకి దిగాయి, మూలల్లో నల్లని బూజు పాకింది. అదే వారం కిరోసిన్ కోసం వెళ్లిన కొండయ్య తమ్ముణ్ణి సైనికులు పట్టుకుపోయారు. ఆ సాయంత్రం కొండయ్య లేచి నిలబడ్డాడు.

"వానా లేదు, చుక్కా లేదు, గోడ ఏడుస్తాంది. ఆ మనిషి అడుగు పెట్టినంకనే గదా? నా తమ్ముడు పోయినాడు. ఇంకెవరు పోవాల? పొద్దున్నే పంపించెయ్యండి."

నరసింహులన్న కసురుకోలేదు. గోడను గుడ్డతో తుడిచి, జానెడు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించాడు. "తెల్లారేదాకా ఆగండప్పా. దీని కింద తడుంటే నీళ్లు గోడలోనుంచి వచ్చినట్టు. పైన తడుంటే మన గదిలోనుంచే వచ్చినట్టు." తర్వాత నావైపు తిరిగాడు. "సదువుకున్నోడివి, నువ్వన్నా సెప్పు."

నాకు తెలుసు. మనిషి అడుగుకూ గోడ తడికీ సంబంధం లేదని వందల మంది ముందు అరిచినవాణ్ణి. కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఎదురుగా ఉన్నాడు, మిగతావాళ్లంతా అతని వెనక ఉన్నారు. "పొద్దున చూద్దామండీ" అన్నాను. పలచని ప్లైవుడ్ అవతల రమణమ్మ మెలకువగానే ఉంది.

తెల్లవారేసరికి ప్లాస్టిక్ పైన నీళ్లు బొట్లు కట్టాయి. నరసింహులన్న దాన్ని ఊడదీస్తే కింద చెక్క పొడిగా ఉంది.

"సూడండి. వెలుతురు బయటికి పోతే సైన్యం వస్తాదని కిటికీలన్నీ బిగించుకుంటిమి. మన ఊపిరీ, అన్నం ఆవిరీ పోయే దోవ లేక గోడకు పట్టినాయి. ఆయమ్మ వచ్చినంకనే అంటివే కొండయ్యా, నిజమే. అంతకుముందు మనకు అన్నం వండినోళ్లు ఎవరుండిరి?"

కొండయ్య తనే లేచి ఆమె ప్లైవుడ్ అడ్డం దగ్గరికి వెళ్లాడు. "అమ్మా" అని పిలిచాడు. లోపల దుప్పటి మడత పెట్టి ఉంది. గిన్నె కడిగి బోర్లించి ఉంది. మనిషి లేదు.

నరసింహులన్న చెప్పులేసుకున్నాడు. నేనూ వస్తానన్నాను. "నిన్న నీ నోరు కావాల్సి ఉండె. ఈపొద్దు నా కాళ్లు చాలు" అని వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత ఒక్కడే తిరిగొచ్చాడు. మిష్రిఫ్ ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉందట.

యుద్ధం అయిపోయాక కూడా ఆయన చాలా ఏళ్లు కారవాన్లు బాగుచేశాడు. రాయచోటి మనిషి ఎవరు కనబడినా రమణమ్మ గురించి అడిగేవాడు. ఆమె ఏమైందో తెలియకుండానే ఊళ్లో కన్నుమూశాడు. నా కాళ్లు చాలు అన్న ఆ మాట తర్వాత నన్ను ఇంకెప్పుడూ నిందించలేదు. నిందించి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణేమో.

ఆ తర్వాత ఎన్నో సభల్లో గెలిచాను. ఎన్ని గెలిచినా, ఆ సాయంత్రం అనని ఒక్క మాట నా గొంతులోనే ఉంది. రుజువు పొద్దున వచ్చింది. ఆమెకు మనిషి తోడు కావాల్సింది ముందురోజు సాయంత్రం.

మీ ఇంట్లో, మీ వీధిలో, మీరు పనిచేసే చోట ఎవరినైనా అపశకునమని పక్కన పెట్టారా? రుజువు కోసం ఆగకండి. ఇది చదవడం ఆపి, ఇప్పుడే లేవండి. అందరూ వింటుండగా ఆ మనిషిని పేరుపెట్టి పిలవండి. మీ పక్కన కూర్చోబెట్టుకోండి.