ఇంజను ఆగేదాకా

మా నాయన వాడిన పిడికిలంత విమానం ఇంజను ఇప్పుడు నా దగ్గరుండాది. స్పిరిట్లో ఆముదం కలిపి పోస్తే ఇప్పటికీ గుయ్యిమంటాది. దాన్ని బిగించిన బొమ్మ విమానానికి రెండు సన్న తీగలు కట్టి, వాటి పిడి చేత పట్టుకుని నడుమ నిలబడి నా చుట్టూ తిప్పుతా. దానికి స్విచ్చి ఉండదు. పోసింది అయిపోతేనే ఆగుతాది.

పోయిన ఎండాకాలం బుక్కరాయసముద్రం బయట బీడులో తిప్పుతాంటి. ఇంట్లోవాళ్ళంతా దూరంగా కూర్చుని చూస్తాండ్రి. ఉన్నట్టుండి మా ఆయన వాళ్ళన్న, నా మూడేళ్ల కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని, ఫోన్లో వీడియో తీసుకుంటా విమానం తిరిగే జాగాలోకి నడిచి వచ్చినాడు. పాప తల ఎత్తులోనే విమానం తిరుగుతాండాది.

"బావా, పాపను దించి కూర్చో!" అని అరిచినా.

"ఏం కాదులేమ్మా, నువ్వు తిప్పు" అని ఇంకో అడుగు ముందుకేసినాడు.

"ఒరేయ్! కూర్చోరా బుద్ధిలేనోడా!"

అప్పుడు కూలబడినాడు. నేను చెయ్యి పైకెత్తి విమానాన్ని లేపినా. తీగలు వాళ్ళ నెత్తి మీదుగా రయ్యిమని పోయినాయి. ఇంజను ఆగేదాకా దాన్ని కిందికి రానీకుండా తిప్పి, వాళ్ళకు అవతలి పక్క దించినా.

ఇంట్లో పంచాయితీ పెట్టినారు. పాప గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "పెద్దోణ్ణి పట్టుకుని ఒరేయ్ అంటావా? తప్పయిందని చెప్పు" అనింది మా అత్త.

మా బావ ఈ పత్రిక వదలకుండా చదువుతాడు. అందుకే ఈడ చెప్తాండా. తప్పయింది బావా. మొదటిసారే ఒరేయ్ అనాల్సింది, బావా అని పిలిచినా.